ఉప్పుగాలిలో పాత కారు: తుప్పును ఆపేదెలా?

అండమాన్ దీవుల్లోని శ్రీ విజయపురం (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) నగరంలో హాడో ఒక రేవు ప్రాంతం. విశాఖపట్నం, చెన్నై, కోల్‌కతాల నుంచి బయలుదేరిన ఓడలు వచ్చి ఆగేది ఇక్కడే. తీరాంధ్ర నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఈ నగరంలో చాలానే ఉన్నాయి. ఒకప్పుడు ఈ రోడ్లపై టాక్సీలుగా తిరిగిన అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. అలాంటి పాత కారును దాచుకున్నవారికి ఇంజన్ కన్నా పెద్ద బెంగ తుప్పే.

ఆ బెంగకు కారణం ఉంది. లారీకి ఉన్నట్టు అంబాసిడర్‌కు విడిగా ఛాసిస్ ఉండదు. నేల రేకు, తలుపుల కింద పొడవునా ఉండే పెట్టెలాంటి దూలాలు, స్తంభాలు, పైకప్పు కలిసే బరువు మోస్తాయి. అవి లోపల్లోపల తినేస్తే పైకి రంగు మెరుస్తున్నా కారు బలం పోయినట్టే. ప్రమాదం జరిగితే లోపలివారిని కాపాడాల్సింది ఆ రేకులే.

తుప్పు ఎలా పడుతుంది?

ఇనుము తుప్పు పట్టాలంటే ఆక్సిజన్, నీరు రెండూ కావాలి. తడిసిన రేకు మీద ఒకచోట ఇనుప పరమాణువులు ఎలక్ట్రాన్లను వదిలి అయాన్లుగా నీటిలోకి జారుకుంటాయి. ఆ చోటును ఆనోడ్ అంటారు. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా ప్రయాణించి మరోచోట, అంటే కాథోడ్ దగ్గర, ఆక్సిజన్‌తోనూ నీటితోనూ కలిసి హైడ్రాక్సైడ్ అయాన్లను తయారుచేస్తాయి. ఇవి ఇనుప అయాన్లతో కలిసి, మరికొంత ఆక్సిజన్ తీసుకుని, ఎర్రని తుప్పుగా మారతాయి. ఒక్క మాటలో చెప్పాలంటే, తుప్పుపట్టే ప్రతి చుక్కా ఒక చిన్న బ్యాటరీ.

ఉప్పు ఈ బ్యాటరీని రెండు విధాలుగా బలపరుస్తుంది. నీటిలో విద్యుత్తు తేలిగ్గా ప్రవహించేలా చేస్తుంది. దానిలోని క్లోరైడ్ అయాన్లు లోహంపై ఏర్పడే రక్షణ పొరలను ఛేదిస్తాయి. మరో సంగతి కూడా ఉంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే ద్రవంగా మారుతుంది. ఏటా సుమారు 3,000 మి.మీ. వాన కురిసే ఈ దీవుల్లో గాలి తేమ తరచూ ఆ హద్దు దాటుతుంది. అందుకే వాన పడని రోజున కూడా ఉప్పు అంటిన రేకు తడిగానే ఉంటుంది.

ఇంకో వింత ఏమిటంటే, ఆక్సిజన్ తక్కువగా అందే చోటే ఇనుము ఎక్కువగా కరుగుతుంది. బురద అంటిన మడ్‌గార్డు మూల, రబ్బరు మ్యాట్ కింది నేల రేకు, తలుపు అడుగు మడత త్వరగా చిల్లులు పడేది ఇందుకే. తుప్పు ఇనుము కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి రంగు ముందుగా బుడగలా ఉబ్బుతుంది. ఆ బుడగ కనిపించేసరికే లోపల పని చాలావరకు జరిగిపోయి ఉంటుంది.

రాకుండా చూసుకోవడం

• వారానికోసారైనా కారు అడుగుభాగాన్ని మంచినీటితో కడగాలి. ఉప్పు పోవాలంటే తుడిస్తే చాలదు, నీరు పారాలి.
• తలుపుల అడుగున, దూలాల కింద నీరు కారిపోయే రంధ్రాలుంటాయి. వాటిని సన్నని తీగతో శుభ్రం చేస్తుండాలి.
• మ్యాట్లు తీసి నేలను ఆరబెట్టాలి. ప్లాస్టిక్ కవరు కప్పితే తేమ లోపలే చిక్కుకుంటుంది. గాలి ఆడే షెడ్డు మేలు.
• దూలాల లోపలికి మైనం కలిసిన తుప్పు నిరోధక ద్రవాన్ని పిచికారీ చేయించాలి. వాడిన ఇంజన్ ఆయిల్ పూయడం మంచిది కాదు. దానిలో ఆమ్లాలుంటాయి, రబ్బరు బుష్‌లు పాడవుతాయి, నేల కలుషితమవుతుంది.

రేవులో ఆగిన ఓడల అడుగున జింక్ దిమ్మలు బిగించి ఉంటాయి. ఇనుముకు బదులు జింక్ కరిగి ఓడను కాపాడుతుంది. ఒక లోహాన్ని త్యాగం చేసి మరొకదాన్ని కాపాడే ఈ పద్ధతిని హంఫ్రీ డేవీ 1824లో ఓడల రాగిరేకుల కోసం ప్రతిపాదించాడు. మరి కారుకూ ఒక దిమ్మ బిగిస్తే? పనిచేయదు. ఓడను, దిమ్మను సముద్రపు నీరు కలుపుతుంది. గాలిలో ఉన్న కారు చుట్టూ అలాంటి ద్రవం లేదు. కారుకు జింక్ మేలు చేయాలంటే అది రేకునే అంటిపెట్టుకుని పూతగా ఉండాలి.

వచ్చాక చికిత్స

ముందు స్క్రూడ్రైవర్ పిడితో తట్టి చూడండి. ఖంగుమంటే రేకు గట్టిదే. మెత్తని శబ్దం వస్తే, మొనతో నొక్కితే దిగబడితే, ఆ భాగం పోయినట్టే.

పైపై తుప్పయితే మంచినీటితో ఉప్పు కడిగి, ఆరబెట్టి, వైర్ బ్రష్‌తో పొడి తుప్పు రాల్చాలి. పాత రంగులో సీసం ఉండవచ్చు. కాబట్టి దాన్ని పొడిగా రుద్దకండి, నీళ్లు వాడండి, మాస్కు ధరించండి. మిగిలిన పలుచని తుప్పుపై టానిక్ ఆమ్లం లేదా ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణాన్ని చేతి తొడుగులు వేసుకుని పూయాలి. తుప్పు నల్లగా, నిలకడగా మారుతుంది.

ఈ నలుపు మనకు కొత్తకాదు. శ్రీకాళహస్తి కలంకారీలో కరక్కాయ రసం పట్టించిన బట్టపై, బెల్లం నీటిలో ఇనుప ముక్కలు ఊరబెట్టిన ద్రవంతో గీస్తే గీత నల్లబడుతుంది. కరక్కాయలోని టానిన్లు ఇనుముతో కలవడమే దానికి కారణం. టానిక్ ఆమ్లం కారు రేకు మీద చేసేదీ అదే.

ఆరాక ఎపాక్సీ ప్రైమర్, ఆపైన రంగు వేయాలి. ప్రైమర్ ఆలస్యమైతే ఈ గాలికి మళ్లీ తుప్పు మొదలవుతుంది. జింక్ ప్రైమర్ వాడాలనుకుంటే మాత్రం లోహం తెల్లగా మెరిసేదాకా రుద్దాలి. జింక్ నేరుగా ఇనుమును తాకితేనే దాన్ని కాపాడగలదు. మార్చిన తుప్పుపై వేస్తే ప్రయోజనం ఉండదు.

చిల్లు పడితే ద్రావణాలు పనిచేయవు. మంచి లోహం తగిలేదాకా కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేయించాలి. ముందుగా బ్యాటరీ వైర్లు విప్పి, పెట్రోలు ట్యాంకును దూరం పెట్టాలి. చిల్లును పుట్టీతో పూడ్చి రంగు వేస్తే చూపు మాత్రమే బాగుపడుతుంది. పుట్టీ వెనుక తేమ చేరి తుప్పు కొనసాగుతుంది.

సొంత కార్లకు 15 ఏళ్ల తర్వాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. ఆ తేదీ వచ్చేదాకా ఆగకుండా, ఏటా వానలు మొదలయ్యే మే నెలకు ముందే ఒకసారి మ్యాట్లు ఎత్తి, దూలాలు తట్టి చూడటం మంచిది. అప్పటికి దొరికే తుప్పు సాధారణంగా బ్రష్‌కు లొంగుతుంది. వానాకాలం దాటాక దొరికేదానికి వెల్డింగ్ కావాల్సి రావచ్చు.