కత్తెర కంటే ముందు ప్రశ్న

ప్రశ్న: మా జిల్లా పరిషత్ హైస్కూల్లో పిల్లలు పత్రిక తెస్తామంటున్నారు. అచ్చుకు ముందు హెడ్‌మాస్టరు గారు నచ్చనివి తీసేయొచ్చా?
– ఒక తెలుగు టీచర్

జవాబు: చూడొచ్చు. కానీ చివరి నిమిషంలో, పిల్లలకు చెప్పకుండా తీసేయకూడదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్లో 1983లో జరిగింది అదే. పిల్లల పత్రికలో గర్భవతులైన విద్యార్థినుల మీద ఒక వ్యాసం, విడాకుల మీద మరొకటి. పేర్లు మార్చినా అమ్మాయిలను గుర్తుపడతారనీ, విడాకుల వ్యాసంలో ఒక తండ్రిని తప్పుబట్టి ఆయన మాట అడగలేదనీ ప్రిన్సిపాల్ రెండు పేజీలే ఎత్తేశారు. వాటిలోని మిగతా వ్యాసాలూ పోయాయి. 1988లో అమెరికా సుప్రీంకోర్టు 5–3 మెజారిటీతో బడి వైపే తీర్పిచ్చింది. చట్టం సంగతి అలా ఉంచితే, ఆ అభ్యంతరాలు రెండూ సబ్ ఎడిటర్ సరిదిద్దగలిగినవే: ఆనవాళ్లు తీసేయడం, తండ్రిని వివరణ అడగడం. లేనిది వ్యవధి. కాబట్టి ప్రెస్సుకు వారం ముందే ప్రూఫులు చూపించండి. ఏ వాక్యం ఎందుకు కూడదో హెడ్‌మాస్టరు గారు మార్జిన్లో రాయాలి.

బడి పరువు పోతుందంటారా? మరుగుదొడ్డిలో నీళ్లు రావన్న వార్త నిజమైతే ఊరంతటికీ ముందే తెలుసు! మోటారు ఎప్పుడు బాగవుతుందో హెడ్‌మాస్టరు గారిని అడిగి, ఆ జవాబునూ పక్కనే వేయండి. ఒక్కచోట మాత్రం బేరం లేదు: లైంగిక వేధింపులకు గురైన పిల్లల ఆనవాళ్లు బయటపెట్టడం పోక్సో చట్టం ప్రకారం నేరం.