జంతువుని దత్తత తీసుకోవడమంటే ఏమిటి?

సైన్సు క్లాసులో అంతరించిపోతున్న జీవుల గురించి చెప్తూ సారు, జూపార్కులో జంతువుల్ని దత్తత ఇస్తారన్నారు. వెంటనే వెనక బెంచీ నుంచి ఒకడు "పులిని తెచ్చి మన మేడిపల్లి హాస్టల్లో ఎక్కడ కట్టేద్దాం సార్?" అన్నాడు. అందరం ఒకటే నవ్వు. ఆ తర్వాత నేను తెలుసుకున్న సంగతులు ఇవి.

దత్తత అంటే జంతువు మన దగ్గరకి రాదు. హైదరాబాదులో మీరాలం చెరువు పక్కన 1963లో మొదలైన నెహ్రూ జూపార్కు వుంది గదా, అక్కడి ఒక జంతువు మేత కోసం కొంతకాలానికి డబ్బు కట్టడమే దత్తత. మనిషైనా, కంపెనీ అయినా, బడి అయినా కట్టవచ్చు. పులికి ఎక్కువ, చిన్న పక్షికి తక్కువ.

2021లో స్టేట్ బ్యాంకు వాళ్ళు 15 పులుల్ని ఏడాదికి దత్తత తీసుకుని 15 లక్షలు ఇచ్చారు. అంటే పులికి లక్ష. దాన్ని 365తో భాగించి చూడండి, రోజుకి సుమారు 274 రూపాయలు. పెద్దపులికి రోజుకి ఐదారు కిలోల మాంసమైనా కావాలి. 274 రూపాయలకి అంత మాంసం ఎవరిస్తారు? కాబట్టి దత్తత డబ్బు ఒక వంతు సాయం మాత్రమే, మిగతాది జూ వాళ్ళే భరించాలి. అయినా 15 లక్షలు చిన్న మాటేమీ కాదు.

నాకు వచ్చిన అనుమానం వేరు. బోనులో పులి కడుపు నిండితే అడవిలో పులి జాతి బతికినట్టేనా? కాదు. బోనులో పెరిగిన పులిని అడవిలో వదలడం చాలా కష్టం. వేట నేర్చుకోదు, మనిషికి భయపడదు. కానీ ఒక చిన్న జంతువు విషయంలో ఈ పని జరిగింది. అదే మూషిక జింక.

ఇది కుందేలు కన్నా కాస్త పెద్దది, రెండు నుంచి నాలుగు కిలోల బరువు. కొమ్ములుండవు. మగదానికి పైదవడ కోరలు బయటికి కనపడతాయి. ఒంటి మీద తెల్లటి చుక్కలూ చారలూ. పగలు పొదల్లో నక్కి రాత్రి తిరుగుతుంది, అందుకే చూసినవాళ్ళు తక్కువ. ప్రపంచం లెక్కల్లో ఇది అంతరించే జాతి కాదు గానీ, వేట వల్లా అడవి తరిగిపోవడం వల్లా మన దగ్గర బాగా తగ్గిపోయింది.

ఉప్పల్ నుంచి తార్నాక బస్సులో పోతే హబ్సిగూడలో సి.సి.ఎం.బి. అనే పెద్ద పరిశోధన సంస్థ వస్తుంది. దానికే అత్తాపూర్‌లో లాకోన్స్ అనే ప్రయోగశాల వుంది. ఆ శాస్త్రజ్ఞులూ జూ వాళ్ళూ కలిసి 2010లో ఆరు మూషిక జింకలతో పెంపకం మొదలుపెట్టారు. ఆరేడేళ్ళలో అవి రెండు వందలు దాటాయి. 2017లో మొదటి జట్టుగా ఎనిమిదింటిని నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో వదిలారు. ఒక్కసారిగా వదిలెయ్యలేదు. ముందు కంచె లోపల వుంచి అడవి తిండి అలవాటు చేశారు.

మా ఊరు ఆ అడవి అంచునే. అక్కడ చెంచులు తరతరాలుగా వుంటున్నారు. జింకలు తగ్గిపోయాయంటే పట్నంలో కొందరు ముందు వాళ్ళనే అనుమానిస్తారు, అది నాకు నచ్చదు. ఉచ్చులు పెట్టేవాళ్ళు లేరని నేననను. కానీ ఏ పొద కింద ఏ జంతువు పడుకుంటుందో, ఏ నెలలో ఏ పండు రాలుతుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికి తెలుసు? వదిలిన జింకలకి కాపలా కావాలంటే జీతమిచ్చి వాళ్ళనే పెట్టుకోవాలి. దత్తత ఇచ్చేవాళ్ళు దీనికి కూడా ఒక రేటు పెడితే బాగుండునని నా అభిప్రాయం.

సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మీ తాతనో అవ్వనో అడగండి. మూషిక జింకని మీ భాషలో ఏమంటారు? చివరిసారి ఎప్పుడు చూశారు? రాసి తెచ్చి నాకివ్వండి. వచ్చే గోడపత్రికలో ఊరి పేర్లతో సహా అన్నీ రాస్తాను.