లారీ బోల్తా పడ్డాక మొదలయ్యే ఉద్యోగాలు

“లారీకి ఇన్సూరెన్స్ ఉంది కదండీ, మళ్లీ సరుక్కెందుకు?”

గుంటూరు మిర్చి యార్డులోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా ఈ మాట వినబడుతూనే ఉంటుంది. లారీ ఓనరు కట్టేది మోటారు పాలసీ. బండికి దెబ్బ తగిలినా, బండి వల్ల ఎదుటివాళ్లకు నష్టం జరిగినా అది చూసుకుంటుంది. బండి మీదున్న పాతిక లక్షల సరుకు ఊసు అందులో ఉండదు. దానికి విడిగా పాలసీ తీసుకోవాలి. ఆ పాలసీ అమ్మేవాళ్లు, షరతులు చూసి రేటు కట్టే అండర్‌రైటర్లు, నష్టం వచ్చినప్పుడు రోడ్డు పక్కకు వెళ్లి లెక్క తేల్చేవాళ్లు, కంపెనీ చెల్లించిన సొమ్మును ట్రాన్స్‌పోర్టు నుంచి రాబట్టేవాళ్లు, అందరూ వేర్వేరు. వీళ్లందరికీ ఉద్యోగాలున్నాయి. బ్యాంకు పరీక్షలకు ఏళ్ల తరబడి కోచింగ్ తీసుకునే మన పిల్లల్లో ఈ వైపు తొంగి చూసేవాళ్లు మాత్రం తక్కువ.

ఒక కారణం ప్రకటనల్లోనే ఉంది. బీమా కంపెనీలు ఈ పనిని ‘మెరైన్ కార్గో’ విభాగంలో పెడతాయి. 1938 నాటి బీమా చట్టమే నీటి మీద సాగే సరుకునూ నేల మీద సాగే సరుకునూ కలిపి మెరైన్ వ్యాపారమంది. కాబట్టి ‘మెరైన్ అండర్‌రైటర్’, ‘మెరైన్ క్లెయిమ్స్ ఎగ్జిక్యూటివ్’ అని కనబడితే ఓడల ఉద్యోగమనుకుని దాటేయకండి. హైదరాబాద్‌లో ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ల చేతికి వచ్చే ఫైళ్లలో మందుల పెట్టెలు, పత్తి బేళ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, టైల్సే ఎక్కువ.

ఈ రంగంలో అడుగు పెట్టేవాళ్లకు మొదటి రోజు నుంచీ పనికొచ్చేది మూడు క్లాజుల తేడా. లోతట్టు రవాణాకు వాడే షరతుల్ని ఇన్‌లాండ్ ట్రాన్సిట్ క్లాజులంటారు. ‘సి’ క్లాజు అన్నిటికంటే ఇరుకు, నిప్పూ పిడుగూ తప్ప ఇంకేమీ ఇవ్వదు. ‘బి’ క్లాజులో వాటికి తోడు వంతెన కూలడం, బండి ఢీకొనడం, బోల్తా పడడం లాంటివి చేరతాయి. ‘ఎ’ క్లాజు ‘ఆల్ రిస్క్స్’ రకం. పేరు చూసి అన్నీ వస్తాయనుకోకూడదు. సరుకు స్వభావం వల్లే పాడైనా, ప్యాకింగ్ చాలకపోయినా, ఆలస్యం వల్ల నష్టం వచ్చినా, మామూలుగా తగ్గే తూకం తగ్గినా అదీ ఇవ్వదు. సమ్మెలు, అల్లర్లు కావాలంటే విడిగా చేర్చుకోవాలి. రోడ్డు రవాణాలో లారీ గమ్యస్థానం ఊరు చేరాక సరుకు గోదాములోకి దించుకోకుండా ఉంచేస్తే, 7 రోజులు దాటాక రక్షణ ముగుస్తుంది. ఈ ఒక్క వాక్యం తెలియక పోగొట్టుకున్న క్లెయిములు ఎన్నో.

క్లాజులు బట్టీ పడితే ఉద్యోగం రాదు, వచ్చినా నిలవదు. పని ఎలా నడుస్తుందో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

గుంటూరు నుంచి ముంబైకి 400 టిక్కీల (బస్తాల) మిర్చి బయల్దేరింది. టిక్కీకి 40 కిలోలు, కిలో 150 రూపాయలు అనుకుందాం. మొత్తం 16 టన్నులు, 24 లక్షల సరుకు. కిరాయి 50 వేలు. సూర్యాపేట దాటాక అర్ధరాత్రి లారీ పల్టీ కొట్టింది. తెల్లారుజామున వాన పడింది. పాలసీ ‘బి’ క్లాజు.

సర్వేయర్‌కు ఫోన్ వస్తుంది. మన ఊళ్లలో సర్వేయరంటే గొలుసు పట్టుకుని పొలం కొలిచేవాడే గుర్తొస్తాడు. ఈయన వేరు, బీమా నష్టాన్ని మదింపు చేసే లైసెన్సు గల మనిషి. మంచి సర్వేయర్ అక్కడికి చేరగానే టిక్కీలు లెక్కపెట్టడు. లారీ నంబరు, ఎల్‌ఆర్‌లో (లారీ రసీదులో) రాసిన నంబరు ఒకటేనా చూస్తాడు. మధ్యలో బండి మార్చి ఉంటే కథే మారిపోతుంది. పట్టా కట్టి ఉందా, చిరుగులు పాతవా కొత్తవా చూస్తాడు. వే బిల్లు, ఇన్‌వాయిస్, లోడింగప్పటి కాటా చీటీ అడుగుతాడు. టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ నుంచి డబ్బు ఎప్పుడు కోత పడిందో చూస్తే లారీ ఏ వేళకు ఎక్కడుందో తెలుస్తుంది. డ్రైవరు చెప్పే కథకు అది సరిపోవాలి. ఫొటోలు తీశాకే ఎవరినైనా సరుకు కదపనిస్తాడు.

ఆ తర్వాత సమయంతో పరుగు. తడిసిన మిర్చి కుప్పగా ఉంటే బూజు పడుతుంది, రంగు పోయి తాలవుతుంది. అందుకని హమాలీలను పిలిపించి, పొడి టిక్కీలు వేరే లారీలోకి ఎక్కించి, తడిసినవి విప్పించి పరదాల మీద ఆరబోయిస్తారు. నష్టం పెరగకుండా చూడడం సరుకుదారు బాధ్యత. ఆ ఖర్చు సబబుగా ఉంటే క్లెయిములో కలుస్తుంది. “ఇన్సూరెన్స్ వాళ్లు వచ్చేదాకా ముట్టుకోవద్దు” అని రెండు రోజులు వానలో వదిలేసే వ్యాపారులున్నారు. వాళ్లకు నచ్చజెప్పడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే.

లెక్క తేలింది. 290 టిక్కీలు బాగున్నాయి. 80 తడిశాయి. 30 కనిపించడం లేదు. తడిసిన 3,200 కిలోలు వేలంలో కిలో 60 రూపాయలకు పోయాయి, అంటే 1,92,000. మంచి సరుకైతే 4,80,000 వచ్చేవి. నష్టం 2,88,000. లేని 1,200 కిలోల విలువ 1,80,000. రెండూ కలిపితే 4,68,000. కూలీ, లారీ మార్పు ఖర్చు 22 వేలు కలిస్తే 4,90,000. పాలసీలో ఎక్సెస్, అంటే సరుకుదారే భరించాల్సిన మొత్తం ఉంటే అది తీసేస్తారు.

ఇక్కడే అసలు చర్చ మొదలవుతుంది. ‘బి’ క్లాజులో వాన లేదు, దొంగతనం లేదు. మరి తడిసినవి ఇస్తారా, పోయినవి ఇస్తారా? లారీ బోల్తా పడకపోతే, పట్టా చిరగకపోతే ఆ టిక్కీలు తడిసేవి కావు. కాబట్టి తడికి బోల్తానే దగ్గరి కారణమని వాదించవచ్చు. నాకైతే ఆ వాదన బలమైనదే అనిపిస్తుంది. పట్టా ముందే చిరిగి ఉందని తేలితే అంత బలం ఉండదు. మాయమైన 30 టిక్కీల మీద క్లెయిమ్స్ ఆఫీసులో పెద్ద తగాదాయే నడుస్తుంది. బోల్తా పడ్డ వెంటనే చెల్లాచెదురై జనం పట్టుకుపోయారా, మర్నాడు కాపలా లేక పోయాయా అన్నది తేలాలి. ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాశారు, డ్రైవరు మొదటి వాంగ్మూలంలో ఏమన్నాడు అన్నవి అప్పుడు బంగారమవుతాయి. జరిగింది ఏమిటో కాగితాల్లోంచి, మట్టిలోంచి ఏరి, పాలసీ మాటల పక్కన పెట్టి చూడగల మనిషికే ఈ రంగంలో విలువ. తక్కినవన్నీ నేర్చుకుంటే వస్తాయి.

కథ ఇంకా అయిపోలేదు. బీమా కంపెనీ డబ్బు చెల్లించాక సరుకుదారు హక్కులు దాని చేతికి వస్తాయి. వాటితో అది ట్రాన్స్‌పోర్టు కంపెనీ మీదికి వెళుతుంది. దీన్ని సబ్రొగేషన్ అంటారు. 2010లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చరణ్ స్పిన్నింగ్ మిల్స్ కేసులో దీని గురించి వివరంగా తీర్పు చెప్పింది. లా విద్యార్థులు చదవాల్సిన తీర్పు అది. ట్రాన్స్‌పోర్టు నుంచి ఎంత రాబట్టవచ్చో తేల్చేది రోడ్డు రవాణా చట్టం. అది వచ్చింది 2007లో, అమలైంది 2011 నుంచి. ఎక్కువ రిస్కు రేటు కట్టి బుక్ చేస్తే తప్ప, దాని కింద ట్రాన్స్‌పోర్టు బాధ్యత మామూలుగా కిరాయికి పది రెట్లు, అదీ సరుకు బుక్ చేసేటప్పుడు ఇచ్చే ఫార్వర్డింగ్ నోట్‌లో చూపిన విలువకు మించకుండా. మన లారీలో అది 5 లక్షలు. ఇదే లారీ పూర్తిగా తగలబడి ఉంటే, 24 లక్షలకు 5 లక్షలు. ‘లారీవాడు ఇస్తాడులే’ అనుకునే వ్యాపారికి ఈ రెండంకెలు పక్కపక్కన రాసి చూపిస్తే పాలసీ అమ్మడానికి ఇంకో మాట అక్కర్లేదు.

ఆ చట్టంలోనే ఇంకో మెలిక. దావా వేయాలంటే ముందు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. దానికి గడువు 180 రోజులు, అదీ ప్రమాదం జరిగిన రోజు నుంచి కాదు, సరుకు బుక్ చేసిన రోజు నుంచి. క్లెయిమ్ ఫైలు తెరవగానే ఆ తేదీని అట్ట మీద రాసుకునే కుర్రాడిని మేనేజర్లు ఎన్నటికీ వదులుకోరు.

ఇక దారుల సంగతి. ప్రభుత్వ సాధారణ బీమా కంపెనీలు నాలుగు: న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా. 1973 జనవరి 1 నుంచి జాతీయం చేసిన వ్యాపారమిది. వీటిలో అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ పోస్టులకు ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ ఉంటాయి. బ్యాంకు పీవో పరీక్షకు చదివినవాళ్లకు ప్రిలిమ్స్ కొత్తేమీ కాదు, అవే ఇంగ్లిష్, రీజనింగ్, లెక్కలు. సాధారణంగా వయసు 21 నుంచి 30, రిజర్వేషన్ల సడలింపులు వేరే. జనరలిస్టులతో పాటు ఇంజినీరింగ్, లా, అకౌంట్స్ చదివినవాళ్లకు స్పెషలిస్టు పోస్టులూ వస్తుంటాయి. నోటిఫికేషన్ ఏటా ఒకే తీరుగా రాదు కాబట్టి దాని కోసమే కూర్చోవడం తెలివి కాదు.

ప్రైవేటు కంపెనీల్లో, బ్రోకింగ్ సంస్థల్లో తలుపు తొందరగా తెరుచుకుంటుంది. అక్కడ చేరేవాళ్లకు నా సలహా ఒక్కటే. మొదటి రెండేళ్లు వీలైతే క్లెయిమ్స్‌లో పని చేయండి, అమ్మకాల్లో కాదు. నష్టం ఎలా జరుగుతుందో చూడనివాడు రేటు కట్టలేడు, పాలసీ సరిగ్గా అమ్మనూ లేడు. ఏడాది పొడవునా సరుకు పంపే ఫ్యాక్టరీకి ఒక్కో లారీకి ఒక్కో పాలసీ రాయరు. ఓపెన్ పాలసీ ఇచ్చి, పంపిన సరుకుల వివరాలు ఎప్పటికప్పుడు ప్రకటించమంటారు. ఆ ప్రకటనలు సరిగ్గా అందకపోతే క్లెయిము రోజున గొడవ. ఇలాంటివి పుస్తకంలో ఒక పేరాగా ఉంటాయి, క్లెయిమ్స్ ఆఫీసులో వారానికోసారి ఎదురవుతాయి.

సర్వేయర్ దారి వేరు. ముందు బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐలో ట్రైనీగా నమోదై, లైసెన్సు ఉన్న సర్వేయర్ దగ్గర 12 నెలలు పని నేర్చుకోవాలి. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే సర్వేయర్ల పరీక్ష పాసవ్వాలి. ఆ తర్వాతే లైసెన్సు. మోటారు, ఫైర్, మెరైన్ కార్గో ఇలా విభాగాలవారీగా ఇస్తారు, ఏ విభాగానికి ఏ చదువు కావాలో నిబంధనల్లో ఉంటుంది. ఇంజినీర్లు, సీఏలు, కాస్ట్ అకౌంటెంట్లు ఈ వైపు ఎక్కువగా వస్తారు. ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉండడం మనకు కలిసొచ్చే విషయం. 2002లో ఆ సంస్థా, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వమూ కలిసి పెట్టిన ఐఐఆర్‌ఎం అనే బీమా విద్యాసంస్థ కూడా అక్కడే ఉంది. పుణెలోని నేషనల్ ఇన్సూరెన్స్ అకాడమీ పేరు కూడా గుర్తుంచుకోండి.

ఈ వృత్తిలో కష్టం దాచిపెట్టి చెప్పడం నాకిష్టం లేదు. ట్రైనీ ఏడాదిలో చేతికి వచ్చేది బస్సు చార్జీలకు సరిపోతే గొప్ప. లైసెన్సు వచ్చాక కూడా పనులు కంపెనీలు అప్పగిస్తేనే, ఫీజు వచ్చేది రిపోర్టు ఇచ్చాకే, కొన్నిసార్లు నెలల తర్వాత. అర్ధరాత్రి ఫోన్లు మామూలే. నష్టం పెంచి రాయమని సరుకుదారు ఒకవైపు, తగ్గించమని మరోవైపు ఒత్తిడి రావచ్చు. కుదురైన జీతం కావాలనుకునేవాళ్లు కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో చేరి, అనుభవం వచ్చాక సర్వేయింగ్ సంగతి ఆలోచించడం మేలు. ఆడపిల్లలకు కుదరదన్న మాట ఇక్కడా వినిపిస్తుంది. క్లెయిమ్స్, అండర్‌రైటింగ్, రికవరీ అంతా ఆఫీసు పనే. రోడ్డు మీది సర్వే కూడా చేయగలిగినవాళ్లది.

లాజిస్టిక్స్ వైపు నుంచి వచ్చే అవకాశాలను చాలామంది లెక్కలోకి తీసుకోరు. మందుల కంపెనీలు, రొయ్యల ఎగుమతిదారులు, పెద్ద ట్రాన్స్‌పోర్టు సంస్థలు తమ క్లెయిములు చూసుకోవడానికి సొంత మనుషుల్ని పెట్టుకుంటాయి. కోల్డ్ చైన్‌లో వెళ్లే సరుకుకు లారీలో ఉష్ణోగ్రత రికార్డు చదవడం తెలిసిన బీఫార్మసీ, ఫిషరీస్ విద్యార్థికి అక్కడ మామూలు బీకామ్ కంటే ముందు పిలుపు రావచ్చు. శీతల యంత్రం ఆగిందా, తలుపు తెరిచి ఉంచారా, లోడ్ చేసినప్పుడే సరుకు వేడిగా ఉందా అన్నది ఆ ఉష్ణోగ్రత రికార్డు గీతలోనే తెలుస్తుంది.

చదువు అయ్యేలోగానే మొదలు పెట్టగలిగింది ఒకటుంది. ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ లైసెన్షియేట్ పేపర్లు రాయండి, వీలైతే మెరైన్ పేపరు కూడా రాయండి. దానికి తోడు మీ ఊరి ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో ఖాళీ ఎల్‌ఆర్ ఒకటి అడిగి తెచ్చుకుని, వెనక వైపు చిన్న అక్షరాల్లో ఉన్న షరతులు చదవండి. ‘ఓనర్స్ రిస్క్’ అన్న మాట ఎక్కడ పెట్టారో, కింద సంతకం ఎవరు చేయాలో చూడండి. ఇంటర్వ్యూలో అనుభవం ఏమిటని అడిగితే ఆ కాగితం గురించి మాట్లాడండి. అమ్మినవాడిది నష్టమా, కొన్నవాడిది నష్టమా అని వాళ్లు ఎదురు ప్రశ్న వేస్తారు. సరుకు ఎవరి రిస్కు మీద బయల్దేరిందో, గుంటూరులో లోడింగ్ అయ్యేదాకానా లేక ముంబై గోదాము దాకానా అన్నది, ఒప్పందంలో చూడాలని చెప్పండి. క్లెయిము ఎవరు వేయాలో అక్కడే తేలుతుంది.