నీళ్ల రంగు చదివే చదువు

తెల్లవారుజామున నాలుగింటికి కోనసీమలో రాజోలు వైపు ఏ రొయ్యల చెరువు గట్టెక్కినా, టార్చిలైటు పట్టుకుని నీళ్లలోకి చూసే మనిషి కనిపిస్తాడు. రొయ్యలు పైకి తేలుతున్నాయేమోనని అతని బెంగ. ఆక్సిజన్ బాగా పడిపోయేది ఆ వేళకే. పగలంతా ఎండలో ఆక్సిజన్ తయారుచేసిన ప్లాంక్టనే (నీళ్లకు రంగునిచ్చే కంటికానని నాచు, అంటే సూక్ష్మ శైవలాలే) రాత్రంతా దాన్ని పీల్చుకుంటుంది. రెండు రోజులు మబ్బు పట్టి ఆ ప్లాంక్టన్ ఒక్కసారిగా చచ్చిందంటే, ఏరేటర్లు ఎన్ని తిప్పినా గుండె దడ ఆగదు. రైతు ‘కలర్ పోయింది’ అంటాడు. చచ్చింది ఏ జాతి, అదే ఎందుకు చచ్చింది, దాని తర్వాత ఏది పుట్టుకొస్తుంది అని అడిగేవాళ్లు శైవల శాస్త్రజ్ఞులు.

బైపీసీ చదివిన పిల్లలకు శైవలాలంటే ఒక పాఠం, స్పైరోగైరా బొమ్మ, ఎంట్రన్స్‌లో ఒకటో రెండో బిట్లు. మెడిసిన్ సీటు రాక అమలాపురంలోనో కొత్తపేటలోనో బీఎస్సీలో చేరిన వాళ్లకు ఇదొక వృత్తి కాగలదని చెప్పేవారు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు మీరు ఎక్కడ పుట్టారో గమనించండి. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క వసిష్ఠ, నడుమ వైనతేయ. వరదల కాలంలో ఏటి మొగ దాకా ఎర్రటి మంచినీళ్లు. ఎండాకాలం వచ్చేసరికి అదే పాయలో ఉప్పు ఎగదన్నుతుంది. ఒకే రేవులో ఆర్నెల్ల తేడాతో తీసిన రెండు సీసాల నీళ్లలో రెండు వేర్వేరు లోకాలుంటాయి. వరి చేలో నిలిచిన నీటి మీద తేలే నీలి ఆకుపచ్చ నాచు సంగతి మరీ విచిత్రం. గాలిలోని నత్రజనిని పట్టి పైరుకు అందించే పని అది చేస్తుందని పి.కె. డే అనే భారతీయ శాస్త్రవేత్త 1939లోనే రుజువు చేశారు. (ఆ నాచు నిజానికి బాక్టీరియా జాతి. అయినా దాన్ని శైవలాల కిందే చదవడం ఈ శాస్త్రానికి పాత అలవాటు.)

తెలుగునేల మీద ఈ చదువు కొత్తదేమీ కాదు. విశాఖ తీరంలో ఆటుపోట్ల మధ్య బండలను పట్టుకుని బతికే నాచుల మీద ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి ఎం. ఉమామహేశ్వరరావు, టి. శ్రీరాములు 1964లో ప్రచురించిన పరిశోధన బ్రిటన్ జీవావరణ పత్రికలో వచ్చింది. అదే ఏడాది ఉస్మానియా నుంచి ఎ.ఆర్. జాఫర్ హైదరాబాద్ చేపల చెరువుల శైవలాల మీద రాశారు. 1969లో వి. వెంకటేశ్వర్లు మూసీ నదిలోని శైవలాలను నీటి కాలుష్యంతో కలిపి పరిశీలించారు. కాలుష్యానికి నీళ్లలో బతికే జీవులూ సాక్ష్యం చెబుతాయన్నమాట. మూసీకి జరిగిన ఆ పని మన మురుగు కాలువలకూ, రొయ్యల చెరువుల నీళ్లు కలిసే డ్రెయిన్లకూ జరగాలి. దానికి కోనసీమ పిల్లల కన్నా తగినవాళ్లెవరు?

ఇప్పుడు అందరూ అడిగేది: ఉద్యోగం ఎక్కడ? వెంటనే దొరికేది రొయ్య పిల్లల హేచరీలో. ఉప్పాడ నుంచి భీమిలి వైపు తీరం వెంబడి హేచరీలున్నాయి. గుడ్డులోంచి వచ్చిన వనామి రొయ్య పిల్ల జోయియా అనే దశలో ముఖ్యంగా తినేది కీటోసెరాస్, థలాసియోసిరా లాంటి డయాటమ్‌లను, అంటే ఒక రకం శైవలాలనే. అందుకే హేచరీలో ఆల్గే సెక్షన్ ఒకటి ఉంటుంది. ఏసీ గదిలో ట్యూబులైట్ల వెలుగులో గాజు ఫ్లాస్కుతో మొదలయ్యే కల్చర్ టన్నుల ట్యాంకుల దాకా పెరగాలి. ఒక్క చుక్క మురికి పడితే బ్యాచ్ మొత్తం పోయినట్టే. రాత్రి షిఫ్టులు తప్పవు. అయినా అక్కడ ఏడాది పనిచేసినవాడికి శుభ్రత, కణాల లెక్క, ఓర్పు చేతికి అంటుకుంటాయి. అవి తరగతి గదిలో దొరకవు.

పరిశోధనే కావాలంటే దారి పొడుగు. బీఎస్సీలో బోటనీ, మైక్రోబయాలజీ, ఆక్వాకల్చర్ ఏదైనా పరవాలేదు. పీజీసెట్‌తో రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో, సీయూఈటీతో కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ఎమ్మెస్సీ చేయొచ్చు. ఆ తర్వాత సీఎస్‌ఐఆర్ నెట్, లైఫ్ సైన్సెస్. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆపైన 42,000, అద్దె భత్యం అదనం. ఇంట్లో డబ్బు అడగకుండా పీహెచ్‌డీ చేయగలిగే దారి ఇది. బీఎఫ్‌ఎస్సీ చేసినవాళ్లకు కేంద్ర మత్స్య విద్యా సంస్థ ఉంది. దానికి కాకినాడలోనే ఒక కేంద్రం ఉంది. తీరనాచు మీద మనసుంటే భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ (సీఎస్‌ఎంసీఆర్‌ఐ), తమిళనాడు మండపంలో దాని కేంద్రం. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం (ఇన్‌కాయిస్) ఉపగ్రహ చిత్రాలతో సముద్రంలో శైవలాలు విజృంభించడాన్ని కనిపెట్టి సమాచారం ఇస్తుంది. లెక్కలూ కంప్యూటరూ ఇష్టమైన పిల్లలకు అక్కడ పని ఉంది.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక మైక్రోస్కోపులో చూసి జాతి పేరు చెప్పగలిగేవాళ్లు అరుదైపోయారు. ఆ విద్య పట్టినవాళ్లకు గిరాకీ ఉంటుందనే నా నమ్మకం. అది నేర్చుకోవడానికి సత్వర మార్గం లేదు. వేల స్లైడ్లు చూడాలి, బొమ్మలు గీయాలి, తప్పులు దిద్దించుకోవాలి. ‘ఇంటి డాబా మీద స్పైరులీనా, నెలకు లక్ష’ అని పిలిచే రెండు రోజుల శిక్షణలకు మాత్రం డబ్బు కట్టకండి. కొనేవాడెవరో ముందు తేల్చుకోకుండా ట్యాంకు కడితే మిగిలేది ట్యాంకే.

ఇక మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. ఒక నోటు పుస్తకం, నాలుగు సీసాలు, ఒక థర్మామీటరు, కాస్త అయోడిన్ ద్రావణం చాలు. ఒకే రేవు దగ్గర, ఒకే వేళకు, పదిహేను రోజులకోసారి నీళ్లు తీయండి. రంగు, ఉష్ణోగ్రత, వాన పడిందా లేదా రాసుకోండి. పల్చటి టీ రంగు వచ్చేదాకా ఆ ద్రావణం చుక్కలుగా వేస్తే నమూనా చెడదు. కాలేజీ ల్యాబ్‌లో మైక్రోస్కోపు అడిగితే కాదనే మాస్టారు అరుదు. వచ్చే వేసవిలో కాలువలు కట్టేసే ముందు ఒక సీసా నింపండి, కట్టేసిన పదిహేను రోజులకు ఇంకొకటి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసి, అప్పుడు చెప్పండి ఈ చదువు మీకు పడుతుందో లేదో.