తిరగేసి చూడండి

పాత యూరప్ అశ్వికదళాల హెల్మెట్ల మీద మోజుపడే తెలుగు కుర్రాళ్లు ఈమధ్య లండన్‌లోనూ, హైదరాబాద్‌లోనూ కనిపిస్తున్నారు. ఫొటో పంపి, "ఇది అసలుదేనా మాస్టారూ?" అని అడుగుతారు. ఫొటోలో ముందువైపు మాత్రమే ఉంటుంది. నాకు కావలసింది లోపలివైపు. పాత ఆయుధాల బేరాల మధ్యే వయసు గడిపినవాణ్ణి కనుక నాకు తెలిసిన నాలుగు మాటలు రాస్తున్నాను.

1. కథకు డబ్బు కట్టకండి.
"సికింద్రాబాద్‌లో ఒక దొర మా తాతగారికి ఇచ్చాడు" అంటూ ఇత్తడి హెల్మెట్ చూపిస్తారు. 1914లో సికింద్రాబాద్ అశ్వికదళ బ్రిగేడ్‌లో 7వ డ్రాగూన్ గార్డ్స్ అనే బ్రిటిష్ రెజిమెంటు ఉన్నమాట నిజమే. ఆ రెజిమెంటుకు స్వదేశంలో ఇత్తడి హెల్మెట్ ఉన్నమాటా నిజమే. కానీ మన ఎండల్లో వాళ్లు పెట్టుకున్నది గుడ్డ తొడిగిన తేలికపాటి టోపీ. కథ ఓపిగ్గా వినండి. ధర మాత్రం చేతిలో ఉన్న వస్తువును బట్టే కట్టండి.

2. పూర్తి నకిలీకన్నా అతుకుల సరుకుతోనే ప్రమాదం.
మొరాదాబాద్, రూర్కీ, డెహ్రాడూన్‌లలో తయారయ్యేవి నమూనాలు. వాటిని చేసేవాళ్లు నమూనాలనే చెప్పి అమ్ముతారు. చేతులు మారాకే అవి 'పురాతనం' అయిపోతాయి. కాస్త అలవాటైన కన్ను వాటిని ఇట్టే పట్టేస్తుంది. పట్టడం కష్టమయ్యేది, తలను కప్పే గిన్నె ఒక రెజిమెంటుదీ దాని ముందుబిళ్ల మరో రెజిమెంటుదీ అయినప్పుడు. విడివిడిగా చూస్తే రెండూ అసలువే.

ప్రష్యా భారీ అశ్వికదళమైన క్యురాసియర్లనే తీసుకోండి. మామూలు రెజిమెంట్లలో ఎక్కువవాటికి స్టీలు గిన్నె, దాని మీద డేగ బిళ్ల. చక్రవర్తి గార్డ్ రెజిమెంట్లకు పసుపుపచ్చని టోంబాక్ లోహపు గిన్నె, దాని మీద నక్షత్రం. నక్షత్రానికి ధర ఎక్కువ. అందుకే డేగను ఊడదీసి నక్షత్రం బిగిస్తారు. స్టీలు గిన్నె మీద గార్డ్ నక్షత్రం కనిపిస్తే అక్కడే ఆగండి.

ఆ తర్వాత హెల్మెట్‌ను తిరగేసి, లోపలికి టార్చి కొట్టి, బిళ్లను పట్టి ఉంచిన నట్టు చుట్టూ చూడండి. నూరేళ్లుగా కదలని నట్టు కింద లోహం మీద గుండ్రటి మచ్చ పడి ఉంటుంది. ఇత్తడి అయితే ఆ అంచున పచ్చని చిలుము, అందులో ఇరుక్కుని గట్టిపడ్డ పాత మెరుగుపిండి కనిపిస్తాయి. పాత రంధ్రం అంచు మొద్దుబారి ఉంటుంది. కొత్తగా డ్రిల్ చేసిన రంధ్రం అంచు వేలికి గుచ్చుకుంటుంది, లోపల లోహం తళతళలాడుతుంది. పక్కనే పూడ్చిన రంధ్రం ఉందేమో వెతకండి, టంకం రంగు దాన్ని బయటపెడుతుంది. ఇక బిళ్ల తీయించి చూస్తే, గాలీ ధూళీ తగలని మేర గిన్నె మీద దాని ఆకారమే నీడలా మిగిలి ఉంటుంది. పైన నక్షత్రం, కింద డేగ నీడ అయితే ఇంకెవరి మాటా వినక్కర్లేదు.

3. తేదీ తెలిసిన భాగాలు గుర్తుపెట్టుకోండి.
జర్మన్ హెల్మెట్లకు సామ్రాజ్యపు రంగుల గుండ్రటి గుర్తు, అంటే కోకార్డు, 1897లో వచ్చింది. 1870 ఫ్రాన్స్-ప్రష్యా యుద్ధం నాటిదని చెప్పేదానికి అది ఉంటే వెంటనే నకిలీ అనేయకండి. పాత హెల్మెట్‌నే ఆ తర్వాతా వాడి ఉండొచ్చు. కాకపోతే "1870లో ఎలా ఉందో అలాగే ఉంది" అన్న మాట చెల్లదు. ప్లస్ గుర్తు తల ఉన్న మరలు 1930లలో వచ్చినవి, అవి ఉంటే తర్వాత ఎవరో చెయ్యి పెట్టినట్టే.

4. ముద్రను వేలితో చదవండి.
1874 మోడల్ ఫ్రెంచి హెల్మెట్ల మీద గోదియో వంటి తయారీదారుల ముద్రలుంటాయి. పంచ్‌తో కొట్టిన ముద్ర దగ్గర లోహం పక్కకు ఒరిగి సన్నని గట్టు లేస్తుంది. పోతపోసిన నకలులో అక్షరాల అంచులు కరిగినట్టుంటాయి. ఇంకో సంగతి. పారిస్ గార్డ్ రిపబ్లికన్ ఆశ్వికులు, లండన్ హౌస్‌హోల్డ్ కావల్రీ ఇప్పటికీ హెల్మెట్లు పెడుతున్నారు. అవి అసలైనవే, పాతవి మాత్రం కావు.

5. జూలు, అస్తరు.
హెల్మెట్ జూలు నుంచి రాలిన వెంట్రుక ఒకటి దూరంగా తీసుకెళ్లి కాల్చండి. గుర్రపు వెంట్రుకయితే కమురు వాసన వేసి నుసి అవుతుంది, నైలాన్ అయితే కరిగి పూసలా గట్టిపడుతుంది. లోపలి తోలు అస్తరు మార్చి ఉంటే నేను పెద్దగా పట్టించుకోను. చెమటకు చివికిపోయే భాగం అది, సైన్యంలోనే మార్చేవారు. అయితే ఆ మార్పు ధరలో కనబడాలి.

6. బ్రాసో ముట్టుకోకండి.
నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. చిలుము, మచ్చ, నీడ, సాక్ష్యం అంటే ఇవే. ఒక్క మధ్యాహ్నం రుద్దితే మళ్లీ రావు. అద్దంలా మెరిసే హెల్మెట్‌ను ఆ తర్వాత ఎంత అనుభవం ఉన్నవాడైనా సగమే చదవగలడు. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడవండి, చాలు.

చివరగా ఒక మాట. బేరం కుదిరేముందు, ముందుబిళ్ల నట్టు విప్పి చూపించమని అమ్మేవాణ్ణి అడగండి. ఒప్పుకోకపోతే ఎంత చవకైనా కొనకండి.