కాలేయ మార్పిడి తరువాత రక్తపరీక్షలు

నగరంలో కాలేయ మార్పిడి ఆపరేషన్ చేయించుకొని, తరువాతి రక్తపరీక్షలకు మన ఆసుపత్రికి వచ్చేవారి కోసం, వారి ఇంటివారి కోసం ఈ పాఠం వ్రాస్తున్నాము.

ఒక సహోదరుడు ఉదయం మాత్ర వేసుకొని, టిఫిన్ చేసి, పది గంటలకు మా ల్యాబ్‌కు వచ్చారు. టాక్రోలిమస్ రక్తంలో ఎంత ఉందో చూడమని చీటీ. మేము ఆ రోజు రక్తం తీయలేదు. బస్సు చార్జీలు దండగయ్యాయని ఆయనకు కోపం వచ్చింది. రావడమూ న్యాయమే. కాని ఆ రక్తంలో మందు ఉన్నదానికంటే ఎక్కువగా కనబడేది. అది నమ్మి మోతాదు తగ్గిస్తే, శరీరం కొత్త కాలేయాన్ని పరాయిదని త్రోసివేసే ప్రమాదం ఉంది. రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, ఉదయం మాత్రకు ముందే రక్తం ఇవ్వాలి. రోజుకు ఒక్కసారే వేసుకొనే రకమైతే 24 గంటలకు. మాత్ర వెంట తెచ్చుకోండి, రక్తం ఇవ్వగానే వేసుకోండి.

"ఒంట్లో బాగానే ఉంది సిస్టర్, మళ్ళీ పరీక్ష ఎందుకు?" అని అడుగుతుంటారు. తిరస్కరణ మొదలైనప్పుడు చాలామందికి నొప్పి ఉండదు, కళ్ళు పచ్చబడవు. ముందు తెలిసేది రక్తంలోనే. కాలేయ కణాలు దెబ్బతింటే ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. పెరుగుతాయి. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జి.జి.టి. పెరిగితే పైత్యరసం వచ్చే నాళం ఇరుకైందేమోనని చూస్తారు. అల్బుమిన్, ఐ.ఎన్.ఆర్. కాలేయం తన పని ఎంత చేస్తున్నదో చెబుతాయి. టాక్రోలిమస్ మూత్రపిండాలకు భారం గనుక క్రియాటినిన్ కూడా చూస్తాము.

అంకె పెరిగితే తిరస్కరణే అని భయపడవద్దు. ఇన్ఫెక్షన్ కావచ్చు, వేరే మందు కావచ్చు. అవసరమైతే స్కానింగ్, బయాప్సీ చేసి తేలుస్తారు. ఒక్క రిపోర్టు కంటే వాటి వరుస ముఖ్యం. పోయిన నెల 28 ఉన్న ఎస్.జి.పి.టి. ఈ నెల 90 అయితే డాక్టరుగారు ఊరుకోరు. అందుకే పాత కాగితాలన్నీ ఒకే ఫైలులో ఉంచండి, వీలైనంతవరకు ఒకే ల్యాబ్‌లో చేయించండి. మొదట వారానికి ఒకటి రెండుసార్లు, అన్నీ కుదురుగా ఉంటే క్రమంగా నెలకు, ఆపైన రెండు మూడు నెలలకు ఒకసారి. ఆపరేషన్ చేసినవారు చెప్పిన తేదీలే పాటించాలి. ఇది జీవితాంతం ఉంటుంది.

ఉపవాస ప్రార్థన రోజున మాత్రలు మానేసేవారిని చూశాము. దయచేసి అలా చేయవద్దు. ఉపవాసం గురించి ముందుగా డాక్టరుగారిని అడగండి, పాస్టరుగారితో మేము మాట్లాడతాము. పచ్చకామెర్లకు ఊళ్ళో ఇచ్చే పసరు మందు అసలే వద్దు. క్షయకు వాడే రిఫాంపిసిన్ టాక్రోలిమస్‌ను బాగా తగ్గిస్తుంది. ఎరిత్రోమైసిన్, పంపరపనస పెంచుతాయి. విరేచనాలు పట్టుకున్నా మందు రక్తంలో పెరగవచ్చు. ఎవరు ఏ మందు వ్రాసినా మీకు కాలేయ మార్పిడి జరిగిందని ముందు చెప్పండి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కళ్ళు పచ్చబడినా, మూత్రం ముదురు రంగైనా, మలం తెల్లబడినా తరువాతి పరీక్ష తేదీ వరకు ఆగక ఆ రోజే రండి. రాత్రి అయినా సరే, క్యాజువాలిటీలో మా సిస్టర్లు ఉంటారు.