బట్టల యుతుకునందు పొదుపు

మా తరగతిలో నొక బాలుడు తఱచుగా మాసినట్లు కనబడు తెల్లచొక్కాతో వచ్చుచుండెను. శుభ్రతనుగూర్చి మేము పలుమాఱులు హెచ్చరించి, యొక సోమవారమునాడు పదిమంది యెదుట మందలించితిమి. మఱునాడు అతని తల్లి బడికి వచ్చి, ఆ చొక్కాను మా బల్లపై పఱచి, "సబ్బు అరిగిపోతంది గానీ చొక్కా తెల్లబడదు. నేనేటి సేసేది మాస్టారూ?" అని యడిగెను. చేతబట్టి చూచితిమి. ఉతికి యుతికి దాని మెడపట్టీ పిగిలియుండెను. దారముల నడుమ బూడిదరంగు జిడ్డు పేరుకొనియుండెను. రసాయనశాస్త్రము బోధించు మాకు ఆ జిడ్డు ఏమో తెలిసియుండవలసినది. అది సబ్బే.

ఆ కుటుంబము రేవు సమీపమున కాపురముండి బావినీటితో ఉతుకుకొనుచున్నది. తీరమునందలి పెక్కు బావులలోని నీరు ఉప్పన. అట్టి నీటిలో కాల్షియము, మెగ్నీషియము అను లోహముల లవణములు కరగియుండును. సబ్బు వీనితో కలిసి, నీట కరగని తెట్టుగా మాఱును. ఆ లవణములు తీఱువఱకు నురుగు నిలువదు. అనగా మనము కొన్న సబ్బులో మొదటి పాలు బట్టను ముట్టక మునుపే నీరు మ్రింగివేయుచున్నది. పైగా ఆ తెట్టు బట్ట కంటుకొని ధూళిని పట్టియుంచును. 1933లో ఓడరేవు తెఱవబడిన యీ విశాఖపట్టణమున, బొగ్గు, ఇనుపఖనిజముల ధూళి ఆరవేసిన బట్టలపై వ్రాలుట రేవుచెంత నివసించువా రందఱెఱిగినదే. అట్టి ధూళి పడిన బట్టను తడుపక మునుపే బాగుగా దులుపవలెను; తడిపి రుద్దినచో నలుపు లోనికి దిగును.

సబ్బు తురిమి, సోడా కలిపి, ఇంటిలోనే పొడి చేసికొన్నచో ఖర్చు తగ్గునని పలువురు చెప్పుదురు. ఇందు సత్యము లేకపోలేదు. కాని యుప్పునీటిలో ఆ రెండింటిని ఒక్కసారిగా వేసినచో సబ్బులో కొంత మరల తెట్టే యగును. వరుస ముఖ్యము. ముందుగా నీటిలో బట్టల సోడా వేసి కలియబెట్టి అరగంట యుంచవలెను. కాల్షియము సున్నపురాయివంటి తెల్లని మడ్డియై అడుగునకు దిగును. తేటనీరు వంచుకొని, అందు సబ్బు వాడవలెను. బకెట్టు నీటికి ఒక చెంచాడు సోడాతో మొదలిడి, నురుగు నిలుచువఱకు నాటినాటికి కొంచెము హెచ్చించి చూచినచో ఎవరి బావికి ఎంత సోడా చాలునో వారికే తెలియును. సోడా సబ్బుకంటె చౌక. పొదుపంతయు ఇందే యున్నది. వంటసోడా యీ పనికి చాలదు. బట్టల సోడాను ఉప్పుడబ్బా చెంత నుంచరాదు. చేతులకు ఒరపెట్టును గనుక పిల్లలచేత కలిపింపరాదు.

మఱికొందఱు సోడాలో నిమ్మరసము పిండి, పొంగించి, అదియే గొప్ప మందని చెప్పుదురు. పొంగు చూచుటకు వేడుకగా నుండును. క్షారమును ఆమ్లమును ఒండొంటిని చంపుకొన్న పిమ్మట బకెట్టులో మిగులునది దాదాపు వట్టి నీరే. నిమ్మరసమునకు వేఱు పని కలదు. తుప్పుమరకపై నిమ్మరసము, ఉప్పు రాచి యెండలో నుంచి కడిగినచో మరక చాలవఱకు వదలును. తుప్పునకు బ్లీచింగు పొడి వాడినచో మరక మఱింత స్థిరపడును. ఈ రెండింటిని కలుపుట ప్రమాదకరము; విషవాయువు పుట్టును.

ఇక కుంకుడుకాయ. మన మన్యమునుండి దిగు సరకులలో నిదియొకటి. 1956లో ఏర్పడి యీ పట్టణమే కేంద్రముగా గల గిరిజన సహకార సంస్థ దీనిని గిరిజనులయొద్ద కొనును. కాయ తోలులో సపోనిను అను పదార్థము కలదు. అది కఠినజలమందును సబ్బువలె తెట్టు కట్టదు. పదునైదు కాయలను కొట్టి, గింజలు తీసివేసి, లీటరు వేడినీటిలో రాత్రియంతయు నానబెట్టి, ఉదయమున పిసికి వడకట్టవలెను. రెండు మూడు దినములకు పులిసిపోవును గావున ఎక్కువ చేసి దాచుట వ్యర్థము. పట్టునకును, ఉన్నికిని, రంగుబట్టలకును ఇది మేలైనది. కండ్లలో పడనీయరాదు, చేపలకు హానికరము గనుక మిగిలినది చెరువులో పోయరాదు. అయితే నూనె, గ్రీజు అంటిన పనిబట్టలకు దీని బలము చాలదు. ఉక్కు కర్మాగారమునకు పోవు తండ్రుల బట్టలకు అంగడిపొడియే తగును. ఆ పొడి సబ్బుజాతికి చెందినది కాదు, ఉప్పునీటిలోను పనిచేయును. దానిని పూర్తిగా మానుడని మేము చెప్పము.

బూడిదతేట మాటయు చెప్పవలెను. యిర్మీయా గ్రంథమునందు పేర్కొనబడిన సబ్బు నేటి బిళ్లవంటిది కాదు. మొక్కల బూడిదనుండి తీసిన క్షారమని పండితు లందురు. పుస్తకజ్ఞానము చాలునను ధైర్యముతో మేమొకమాఱు బూడిదతేటలో పట్టుకండువాను నానబెట్టితిమి. దాని మెఱుపు పోయి గోనెవలె ముతకబడెను. ఇంటిలోనివారు దానిని పాఠోపకరణముగా నేటికిని దాచియుంచినారు.

నీలిమందు మురికిని తీయదు. పసుపుఛాయను కంటికి మఱుగుపఱచును. గంజిని పలుచగా వడకట్టి పెట్టినచో మురికి దారమునకు గాక గంజికి పట్టి, మఱుసటి యుతుకులో దానితో కూడ పోవును. అన్నము వార్చిన గంజికి ఖర్చు లేదు.

అన్నిటికంటె మేలైనది వాననీరు. పది చదరపు మీటర్ల కప్పుపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో నూరు లీటర్ల నీరు. మొదటి వాన కప్పును కడుగుటకు విడిచి, తరువాతి నీటిని మూతగల తొట్టిలో పట్టి, కడపటి జాడింపునకైనను వాడుకొనవచ్చును.

పై వరుసను ఆ తల్లికి చెప్పి పంపితిమి. పాత తెట్టు ఒక్క యుతుకుతో పోలేదు. కొన్ని వారములు పట్టినది. చొక్కా నేటికిని క్రొత్తదానివలె లేదు, కాని బూడిదరంగు విడిచినది. సబ్బు మునుపటికంటె ఎక్కువ దినములు వచ్చుచున్నదని ఆమె కబురు పంపెను. మేము ఆ బాలునితో, మందలించిన పదిమంది యెదుటనే, తప్పు మాదని చెప్పితిమి.

విద్యార్థులు తమ యింటి నీటిని ఒక సీసాలో పట్టి తెండు. వేఱొక సీసాలో సమముగా వాననీరు పోసి, రెండింటిలోను సబ్బునీటిని చుక్కచుక్కగా వేయుచు, కుదుపుచు, నురుగు నిలుచువఱకు చుక్కలు లెక్కింతము. సీసాపై వీధిపేరును, నీరు బావిదో, గొట్టపుబావిదో, కుళాయిదో వ్రాయుట మఱువకుడు.